నాలుగింటి సాక్ష్యం

మంగళవారం

ఇంకా చెయ్యి మండుతోంది. మా ఇంట్లో దిగిన కొలంబో యూనియన్ నాయకురాలు నిర్మల నాలుగింటికి లాప్‌టాప్‌లో తన ఫ్యాక్టరీ విచారణ కమిటీకి సాక్ష్యం చెప్పాల్సి ఉంది. రోమింగ్ ఖర్చు భరించలేం, నాది నెట్ లేని బటన్ల ఫోను. చార్మినార్ దగ్గర ఓ దుకాణంలో సంగతి చెప్పి సిమ్ అడిగాం.

"విదేశీ పాస్‌పోర్టుకు ఇయ్యాల చాలూ కాదన్నా, రేపు రా," అన్నాడు దుకాణదారు.

"బ్లాక్‌ల అమ్ముకునేటందుకే గద నీ నాటకం!" కాలర్ పట్టుకుని చెంప పగలగొట్టాను. పెదవి చిట్లి నెత్తురు కారింది.

అతను నన్ను బయటికి తోసి, తన ఫోన్‌లో నిర్మలకు హాట్‌స్పాట్ పెట్టాడు. "కూసో అమ్మా, పైసలొద్దు. గీ పహిల్వాన్ సంగతి తర్వాత జూస్త."

నిర్మల ఇంగ్లీషులో మొదలుపెట్టింది: "నేను మాట్లాడుతుండగానే సూపర్‌వైజర్ నా చెంప మీద కొట్టాడు."

దస్తీతో పెదవి అదుముకుంటూ దుకాణదారు గుమ్మం అవతలున్న నావైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా అందరితో వాదిస్తున్నవాణ్ణి, కొట్టిన చెయ్యి జేబులో దాచుకున్నాను.