కమలాబాయి ఇత్తడి గ్లాసులు

లచ్చవ్వా, నువ్వు పుట్టింటికి వెళ్లాక కొన్న కొత్త చెప్పులు ఒకటే కిర్రుమంటున్నాయే. ఎవరినీ వెనక నుంచి వెళ్లి భయపెట్టలేకపోతున్నాను.

సింధ్ నుంచి వచ్చిన నీ నేస్తం కమలాబాయికి సర్కారు రేషన్ ఆపేసింది. ఇన్నేళ్లయింది కాబట్టి ఇక కాందిశీకురాలు కాదట. పట్నం ధర్మసంస్థ వాళ్లు ఇల్లు చూసి, లేనివాళ్లయితేనే కుట్టుమిషన్ ఇస్తారు. పోయినసారి వాళ్లకు అరువు పాలతో, ఇత్తడి గ్లాసుల్లో చాయ్ పోసింది. "ఈమెకేం తక్కువ?" అని వెళ్లిపోయారు.

"ఈసారి చాయ్ పొయ్యకు చెల్లె" అన్నాను.

"ఇంటికొచ్చినోళ్లను ఉత్తగ పంపాల్నా అన్నా?" అని కసిరింది.

నిన్న వాళ్లు మళ్లీ వచ్చారు. కమలాబాయి గ్లాసుల కోసం ఇల్లంతా వెతికి, చివరికి మట్టి ముంతలో నీళ్లిచ్చి తల దించుకుంది. మిషన్ రాసిచ్చారు.

గ్లాసులను మన జొన్నల కుండలో దాచింది నేనేనే. ఆమెకింకా చెప్పలేదు.