నీలం యాప్ మాట

బావా, లేపబుద్ధి కాలేదు, డ్యూటీకి వెళ్తున్నా. పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు.

వాన కబురుకి ఫోన్‌లో రెండు యాప్‌లెందుకు, ఒకటి తీసేయమన్నావుగా. పచ్చదాన్నే చూసుకో. అది వాన లేదంటే లేనట్టే, బయటి గోడలకి ధైర్యంగా రంగులేసుకోవచ్చు. నీలంది ఊరికే వాన వాన అంటుంది. మొన్న దాన్ని నమ్మి నువ్వు పని మానేస్తే చినుకైనా పడలేదు, మేస్త్రీ చేత చీవాట్లు తిన్నావు. నాకేమో ఆ రోజు సెలవు. ఎన్నాళ్లకో ఇద్దరం కలిసి భోంచేశాం. లేకపోతే నేను వెళ్లేటప్పుడూ నిద్రే, వచ్చేటప్పుడూ నిద్రే నువ్వు.

నీలందాన్ని తీసేయడానికి చేతులు రాలేదు. రేపు నాకు మళ్లీ సెలవు. రేపొక్కరోజు దాని మాట విను.