దుకాణం లెక్కలో పెరుగుతున్న మా పాప

వినియోగదారుల వివరాల రక్షణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పసిపిల్లల సామాన్ల దుకాణం వారి వద్ద గల మా పాప వివరములను తొలగింపజేయుట గురించి.

నేను బట్టలు కుట్టి బతికే దర్జీని. తమకు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

1. నా భార్య కడుపుతో ఉండగా, ఉయ్యాల కొనుటకై సదరు దుకాణమునకు వెళ్ళితిమి. కౌంటరులో అమ్మాయి ఫోన్ నంబరు, కాన్పు తేదీ, బిడ్డ పేరు అడిగినది. "ఇంకా పుట్టలేదు కదమ్మా" అన్నాను. "ఏదో ఒకటి చెప్పండి సార్, ఆ గడి నింపకపోతే బిల్లు రాదు" అంది. ఆడపిల్లే అని మా ఆవిడ పట్టు. మా అమ్మకైనా చెప్పకుండా ఇద్దరం దాచుకున్న పేరు ఆ అమ్మాయికి చెప్పేసింది.

2. పాప పుట్టింది. ఏడవలేదు. ఈ అంశములో ఇంతకు మించి రాయలేను.

3. సదరు దుకాణం వారి లెక్క ప్రకారం మా పాప పెరుగుచున్నది. బోర్లా పడే వయసన్నారు, పళ్ళొచ్చే వయసన్నారు. మొన్న పేరు పెట్టి మరీ, అడుగులేస్తోందా, బూట్లు చూడండి అని సందేశం పంపారు. అప్పుడు ఒకరి చొక్కా గుడ్డ కత్తిరిస్తున్నాను. కత్తెర ఎటు పోయిందో చూసుకోలేదు.

4. సదరు వివరములను ఇతరులకు కూడా ఇచ్చియున్నారు. బడి వాళ్ళు, ఫొటో స్టూడియో వాళ్ళు ఫోన్ చేస్తున్నారు. బీమా కంపెనీ ఆయన "పాప ఎలా ఉంది సార్?" అని అడిగాడు. "బాగుంది" అన్నాను.

5. నేనూ నలుగురి కొలతలు తీసుకునేవాణ్ణే. ఒకరి నడుము కొలత ఇంకొకరికి ఏనాడూ చెప్పలేదు.

6. దుకాణం మేనేజరును కలిసితిని. ఖాతా మూయాలంటే కంప్యూటరులో కారణం ఎంచుకోవాలన్నాడు. ఇల్లు మారాం, ధరలు ఎక్కువ, పాప పెద్దదైంది. అంతే, మా కారణం అందులో లేదు. "పాప పెద్దదైందని పెట్టేయమంటారా?" అన్నాడు, మంచివాడే. వద్దని తలూపి వచ్చేశాను.

కావున తమరు దయయుంచి, మా పాప వివరములన్నియు సదరు దుకాణం వారి నుండియు, వారు అందజేసిన వారందరి నుండియు పూర్తిగా చెరిపివేయించ ప్రార్థన.

మా యందు దయతలచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ

తా.క.: అర్జీ మా ఆవిడకు చదివి వినిపించాను. కాజాలు కుడుతూ తలెత్తకుండా వింది. "ఫోన్లు, సందేశాలు అన్నీ ఆపించు. పేరు మాత్రం చెరిపెయ్యొద్దని రాయి. మనం కాక దాన్ని ఆ పేరుతో పిలిచింది వాళ్ళే కదా" అంది. ఆసుపత్రి కాగితంలో 'ఆడ శిశువు' అని మాత్రమే ఉందయ్యా. ఆ పేరు ఇంకెక్కడా రాసి లేదు. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా, వాళ్ళ దగ్గరే ఏదో ఒక మూల ఉండనివ్వమని చెప్పండి.