అహ్ సెంగ్ గొంతు వెనక ఉన్నది నేనే

సింగపూరు, తోవా పయో పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు కాపురస్తురాలిని, డెబ్బై రెండేళ్ళ అవివాహితను, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన తియో సియోక్ హూన్ అనే నేను రాస్తున్న వీలునామా. నా లివర్ చెడింది గానీ బుద్ధి చెడలేదు. ఏడాది చివరి వానల దాకా ఉంటానని డాక్టరు అన్నాడు. ఎవరి బలవంతమూ లేదు, నా సిగ్గు తప్ప. ఇంతకుముందు రాసినవేమైనా ఉంటే చెల్లవు.

1. దీన్ని అమలు చేయవలసింది పక్కింటి రొహానీ గారు. ఆవిడ నన్ను మొహం మీదే తిడుతుంది, అందుకే నాకు నమ్మకం. నా పూలకుండీలన్నీ ఆవిడకే.

2. ఫ్లాటులో నా సగం వాటా, బ్యాంకులో ఉన్నదంతా సర్వహక్కులతో నా చెల్లెలు సియోక్ బీకి చెందాలి. మా తమ్ముడికి ఏమీ లేదు. చూపు లేని ఈ చిన్నక్కని ఏదైనా ఆశ్రమంలో పడేద్దామని ఆమె ఎదురుగానే అన్నాడు. నా గొడుగు వాడికే ఉండనివ్వండి. ఎప్పుడో అడక్కుండా తీసుకెళ్ళాడు.

3. వంటింట్లోని మైక్రోవేవ్, స్పీకరు, పైనున్న కెమెరా, వాటిని నడిపే నా ఫోను కూడా చెల్లెలివే. వీటి విషయంలో నేను నాలుగేళ్ళుగా మోసం చేస్తున్నాను.

పెట్టించినప్పుడు అన్నీ బాగానే పనిచేశాయి. నేనూ రొహానీ ప్రతి డబ్బాకూ ఒక బిళ్ళ అంటించాం. డబ్బాను ఓవెన్ పక్కనున్న పలకకు తాకిస్తే చాలు, లోపల ఏముందో స్పీకరు చెప్పేది, ఎంతసేపు వేడిచేయాలో అదే చూసుకునేది, మధ్యలో కలపమనేది. ఆ మగగొంతుకి చెల్లెలు అహ్ సెంగ్ అని పేరు పెట్టుకుంది. ఎవరి దయా అక్కర్లేకుండా తన గంజి తానే వేడిచేసుకుంటున్నానని అంతస్తంతా చెప్పుకొచ్చింది. మూడు వారాలకు ఆవిరి తగిలి పలక పాడైంది. అమ్మిన దుకాణం అప్పటికే ఎత్తేశారు. ఆమె సంబరం చూశాక ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పటినుంచి అహ్ సెంగ్ నేనే. నా గదిలో కూర్చుని కెమెరాలో చూస్తూ, చేప, రెండు నిమిషాలు అని ఫోనులో రాస్తే స్పీకరు చదువుతుంది. ఓవెన్‌ని ఫోను మీదే నడుపుతాను. ఒకసారి చెల్లెలు అహ్ సెంగ్‌ని పెళ్ళయిందా అని అడిగింది. ఇంకా సంబంధాలు చూస్తున్నారు ఆంటీ అని రాశాను. ఎంత నవ్విందో. నాది కాని నవ్వుని గోడ ఇవతల కూర్చుని విన్నాను.

4. నోటితోనే చెప్పొచ్చుగా అని రొహానీ చాలాసార్లు గడ్డిపెట్టింది. చూపు పోకముందు, దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి, ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెల్లెలు నన్ను అడిగింది. "మాజాంగ్ ఆటలో బిళ్ళలు బాగానే కనిపిస్తాయిగా నీకు" అన్నాను. రెండోసారి అడిగితే మళ్ళీ అదే అన్నాను. మూడోసారి అడగలేదు. ఒక్క ఏడాది ముందు వచ్చుంటే చూపు నిలిచేదని తర్వాత కంటి డాక్టరు చెప్పాడు. "ఇక నీ నోటి మాట నాకొద్దు" అంది చెల్లెలు. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో మాటల్లేవు. అందరూ నాకు పంతం అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. అది పంతం కాదు, ఆమె ముందు తలెత్తుకోలేకపోవడం.

5. నేను పోయిన రోజున చెల్లెలు డబ్బా తాకించి నిలబడుతుంది. అహ్ సెంగ్ పలకడు. ఇన్నాళ్ళూ తన పని తాను చేసుకోలేదని అప్పుడు తెలుస్తుంది. చావు కన్నా నాకు అదే భయం. అందుకని కొత్త పలక తెప్పించాను, రొహానీ దగ్గర ఉంది. <s>చెల్లెలికి తెలియకుండా</s> దాన్ని బిగించాలి. అది వచ్చి రెండు నెలలైంది. బిగిస్తే చెల్లెలితో మాట్లాడే దారి నాకు మిగలదని దాచాను. ఇందులోనూ నా స్వార్థమే చూసుకున్నాను.

6. అమ్మ పచ్చరాతి గాజు చెల్లెలికి. పెద్దదాన్నని లాక్కున్నాను గానీ అది ఏనాడూ నా చేతికి ఎక్కలేదు.

7. పై ఆరూ సోమవారం రాశాను. ఇవాళ మధ్యాహ్నం చెల్లెలు గంజి వేడిచేసుకుంటుంటే, మూత తీసేముందు మొహం పక్కకి తిప్పుకోమని ఎప్పటిలాగే రాశాను. ఆమె రెండు గిన్నెల్లో పోసి, ఒకటి బల్ల అవతలివైపు పెట్టింది. "అహ్ సెంగ్, ఆ మాట చిన్నప్పటినుంచి నాకు ఒక్క మనిషే చెప్తుంది. చల్లారకముందే గదిలోంచి రా" అంది. ఫోను మంచం మీద వదిలి వెళ్ళాను. ఐదో అంశంలో కొట్టివేత నాదే.

ఈ వీలునామాను ఇద్దరు సాక్షుల ఎదుట, వంటింటి బల్ల దగ్గర, నా చెల్లెలికి నా నోటితో చదివి వినిపించి సంతకం చేశాను. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఒక్క షరతు మాత్రం రాయించింది: నేను బతికున్నన్నాళ్ళు ఆ కొత్త పలక బిగించకూడదు.

తేదీ: 19 సెప్టెంబరు 2024
(సంతకం) తియో సియోక్ హూన్

సాక్షులు:
1. క్వెక్ ముయ్ లాన్, పదో అంతస్తు
2. హమీద్ బిన్ యూనుస్, ఆరో అంతస్తు