పగులు ఆగిన చోటు

మంగళవారం, అత్వెల్లి

హమ్మయ్య, జియాలజీ వైవా గట్టెక్కాను. పగిలిన రాళ్లలో చమురు చిక్కుకునే చోట్లను రిపోర్టులో రాతి పొరలు వంగి మడతపడిన చోట్ల వర్గం కింద వేశాను. రాయి వంగితేనే కదా పగిలేది అనుకున్నాను. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అందులోని పటం చూసి, “మడత ఇంకా ముందుకు సాగుతూనే ఉంది. మరి చమురు ఇక్కడే ఎందుకు ఆగింది?” అన్నారు.

అప్పుడు మా ఇంటి బోరు గుర్తొచ్చింది. మాకు నీళ్లు పడ్డాయి, పక్క ప్లాటులో ఉత్త దుమ్మే లేచింది. బోరు బండి మీద పనిచేసే మా బాపు ఆ రోజే అన్నాడు: “పగులు ఈడికే ఉన్నది బిడ్డా. అవతలంత గట్టి రాయి, గోడ లెక్క.”

బాపు పేరెత్తకుండా ఆ మాటే చెప్పాను. పగుళ్లు ఆగిన చోటే చమురూ ఆగుతుంది, దీన్ని వేరే వర్గంలో పెట్టాలి సార్ అన్నాను. ఆయన తలూపి, “ఏ పుస్తకంలో చదివావు?” అన్నారు. “క్లాసు నోట్సులో” అనేశాను. ఎందుకలా అన్నానో...

ఇంటికొచ్చి బాపుకు అంతా చెప్పేశాను, ఆ అబద్ధంతో సహా. అన్నం కలుపుతూ నవ్వాడు.

“పోనీ తియ్యి. రేపు షామీర్‌పేటల బోరుంది. గా సారును తోల్కరా, పగులు ఏడుందో జెప్పమను.”