గేటు దగ్గర నీళ్లు

మార్చి 3
పొద్దున్నంతా అచ్చు వేయడానికి లినోలియం ముక్క మీద కొత్త నాటకం పోస్టర్ చెక్కాను. అక్షరాలన్నీ తిరగేసి చెక్కాలి. నలభై ఏళ్లుగా ఇదే పని, అయినా ఒకటి మామూలుగా చెక్కేశాను. మళ్లీ మొదలు. ముందు నేను బొమ్మలే వేసేదాన్ని. వేసిన మనుషులు మేమూ మాట్లాడతామని గోల పెట్టారు. అలా నాటకాల్లో పడ్డాను. రెండూ వదల్లేదు, రెండూ నన్ను బాగానే చూసుకున్నాయి.

మార్చి 7
మా పేట న్యూ బ్రైటన్ హాల్లో మొదటి ఆట. మా నటుడు వుయిసిలే వేషం కట్టిన ముసలి ఓడరేవు కూలీ నాటకం మధ్యలో చనిపోతాడు. చనిపోయాడో లేదో, ముందు వరసలో మా పక్కింటి మారదేబే లేచి చావింటి పాట ఎత్తుకుంది. హాలంతా అందుకుంది. పావుగంట నాటకం ఆగిపోయింది. ఒకప్పుడు, తెల్లవాళ్ల రాజ్యంలో, నా నాటకాలు పోలీసులు ఆపేవారు. ఇప్పుడు చర్చి ఆడవాళ్లు ఆపుతున్నారు. చాలా సంతోషంగా ఉంది.
బయటికొస్తే గేటు దగ్గర బేసిన్లో నీళ్లు! మారదేబే పెట్టించింది. మనిషిని సాగనంపి చేతులు కడుక్కోకుండా తిండికి కూర్చుంటారా, నువ్వు రాసిందైతే మాత్రం చావు చావు కాదా అక్కా, అని నన్నే కసిరింది. అందరం కడుక్కున్నాం. వుయిసిలే కూడా, తన చావుకి తనే.

మార్చి 8
వుయిసిలేకి నడుం పట్టేసింది. ఇంకోసారి అంతసేపు పడుకోబెడితే నిజంగానే పోతానక్కా, తర్వాత నీ ఇష్టం అన్నాడు.

మార్చి 19
జోహన్నెస్‌బర్గ్ నుంచి ఫోన్. పెద్ద థియేటర్, రెండు ఆటలు! మేనేజర్ హెలెన్ ఇక్కడి ఆట సంగతులు విని అంతా మెచ్చుకుంది గానీ, బేసిన్ మాత్రం వద్దంది. లాబీలో కొత్త కార్పెట్ వేయించారట. సరేనన్నాను. ఫోన్ పెట్టాక భయం పట్టుకుంది. అక్కడ ఎవరూ పాడకపోతే? నా ముసలాయన దిక్కులేని శవంలా పడి ఉంటాడు. అరవై నాలుగేళ్లొచ్చాక ఇదేం భయమో.
మారదేబేకి చెప్తే, ఆ ఊళ్లో మనుషులు పోరా, కార్పెట్లే పోతాయా అంది.

ఏప్రిల్ 10, జోహన్నెస్‌బర్గ్
ముసలాయన చనిపోయాడు. ఎవరూ పాడలేదు. కనీసం దగ్గలేదు. మర్యాదస్తులు. చివర్లో లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. హెలెన్ నా చేయి పట్టుకుని ఊపేసింది, ఆవిడ పచ్చరాయి ఉంగరం గుచ్చుకుంది. ఊపిరి బిగబట్టి చూశామండీ అంది. నడుం నొప్పి లేదని వుయిసిలే సంబరపడి, కాసేపటికి దిగాలుగా కూర్చున్నాడు. గదికొచ్చి నేను ఏడ్చాను.

ఏప్రిల్ 11, మధ్యాహ్నం
కార్పెట్ ఉన్నది లాబీలో. గేటు ఉన్నది వీధిలో. బజారుకెళ్లి బేసిన్ కొన్నాను, ఆటకి ముందే నీళ్లు పోసి గేటు దగ్గర పెడతాను. ఆట అవగానే వెనక గుమ్మం నుంచి వెళ్లిపోతాను. ఎవరైనా కడుక్కుంటారో లేదో నిలబడి చూసే ధైర్యం లేదు.

ఏప్రిల్ 12
పొద్దున్నే గేటు దగ్గరికెళ్లి బేసిన్ ఒంపేశాను. ఎన్ని చేతులు కడిగారో, నీళ్లు నల్లగా ఉన్నాయి. అడుగున పచ్చరాయి ఉంగరం.