అవతలి గదిలో నా పేజీ

చంపాపేట్,
17 మార్చి 2011.

ప్రియమైన సైదమ్మా,

ఫోను చేస్తే కట్ చేస్తున్నావు. కాగితమైతే చించేసేలోపు రెండు వాక్యాలైనా నీ కంట పడతాయని రాస్తున్నాను. యూనివర్సిటీ హాస్టల్లో ఎమ్మే చదివినన్నాళ్ళూ మంచాలు పక్కపక్కన వేసుకుని పడుకున్నాం. అలాంటి నీకు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక పొద్దుటి నుంచి కాగితాలు పాడుచేస్తున్నాను.

మొన్న ఆదివారం మన ఉద్యమ కమిటీ పెద్ద పాండురంగం సారు ఇంట్లో జరిగింది నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. తెలంగాణ మిలియన్ మార్చ్ కోసం నువ్వు నల్లగొండ పల్లెల నుంచి తీసుకొచ్చిన ఆడవాళ్ళు చంపాపేట్‌లో మా ఇంటితో కలిపి నాలుగిళ్ళలో దిగారు. మూడిళ్ళ ముందు పోలీసు వ్యాన్లు ఆగాయి. మా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. మా ఇంట్లో ఉన్నవాళ్ళు ట్యాంక్‌బండ్ దాకా వెళ్ళారు. సారు కోపంగా కూడా అనలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "అన్ని ఇండ్లకు ఒచ్చిండ్రు, నీ ఇంటికి రాలే. గిది ఎట్లయిందో నువ్వే చెప్పాలె బిడ్డా" అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను నీ వైపు చూశాను. నువ్వు తల ఎత్తలేదు.

ఎవరు ఎక్కడ బస్సు దిగాలో, ఏ ఇంటికి నడవాలో రాసిన పేజీ టైపు చేసింది నేనే. ఒక్కటే ప్రింటు తీసి నీ చేతిలో పెట్టిందీ నేనే. కాబట్టి వాళ్ళు అనుమానించడంలో తప్పు లేదేమో. నాకు నా మీదే నమ్మకం పోతోంది. కూరగాయల దగ్గరో, ఆటోలోనో ఎవరి ముందైనా నోరు జారానా? భారతమ్మను తలుచుకుంటే అన్నం దిగడం లేదు. అరవై దాటిన మనిషి. పోలీసులు కూర్చోబెట్టిన ఫంక్షన్ హాల్లో, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు తనే అందరికీ పంచిందట. ఎందుకు వచ్చిందో ఆ ట్యాంక్‌బండ్ చూడకుండానే తిరుగు బస్సెక్కింది.

సంజాయిషీ రాసిమ్మన్నారు. అదైనా కుదురుగా రాసుకుందామంటే షాపులో మానిటర్ రాయనివ్వడం లేదు. నీకిది పిచ్చి మాటలా అనిపించవచ్చు, కానీ చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? నెల రోజులుగా ఇదే తంతు. టైపు చేస్తుంటే ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది. 'నో సిగ్నల్' అన్న చిన్న పెట్టె ఈ మూల నుంచి ఆ మూలకు తేలుతూ పోయి మాయమవుతుంది. కీబోర్డు మీద దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అంటే లోపల కంప్యూటర్ బతికే ఉంది, బొమ్మ ఒక్కటే నా దాకా రావడం లేదు. ఏమీ కనపడకుండానే కంట్రోల్ ఎస్ కొట్టి, ఫైలు దక్కిందని నమ్ముకుని కూర్చోవడం అలవాటైపోయింది. కాసేపటికి దానంతట అదే వస్తుంది. ర్యామ్ ఊడదీసి రబ్బరుతో రుద్ది పెట్టాను. పక్క నెట్ సెంటర్ శ్రీరామమూర్తి గారు తన మానిటర్ మోసుకొచ్చి పెట్టారు. గుడివాడ మనిషి కదా, ఈ రోజుల్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడటం లేదు పాపం. నాతో మాత్రం, "మీదీ సహాయ నిరాకరణలో ఉన్నట్టుందండీ కృష్ణకుమారిగారూ" అన్నారు. ఆయన మానిటర్ మీదా అదే నల్లదనం. అంటే దోషం మానిటర్‌లో లేదు.

చివరికి మా ఆయన చక్రపాణి కొత్త కేబుల్ తెచ్చారు. నేను వంగబోతే, "నీకు నడుం నొప్పి, నువ్వు జరుగు" అని ఆయనే బల్ల కింద దూరి బిగించి వచ్చారు. మా షాపు మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టి, అవతలి సగం తన ప్లాట్ల ఆఫీసు చేసుకున్నారని నీకు తెలుసుగా. బేరాల్లేని దిగులులో కూడా నా పనికి టైమిచ్చే మనిషి. ఇంత జరిగినా నాతో మామూలుగా ఉన్నది ఆయనొక్కరే.

ఒక్కసారి ఫోనెత్తు.

నీ
కుమారి


చంపాపేట్,
24 మార్చి 2011.

సైదూ,

ఇది చదివాక ఎవరికీ చూపించకు. చూపించాలో వద్దో నాకే తెలియదు కాబట్టి ముందు నీకు చెబుతున్నాను.

కొత్త కేబుల్ వేసినా తెర పోవడం మానలేదు. మంగళవారం మధ్యాహ్నం సంజాయిషీ టైపు చేస్తున్నాను. అవతల ఆయన షట్టర్ దించిన చప్పుడైంది. ఎల్‌బీ నగర్ అవతల ప్లాటు చూపించడానికి బయల్దేరారు. ఆ చప్పుడుతోపాటే నా తెర నల్లబడింది. షార్ట్ సర్క్యూట్ భయంతో ఆయన తన వైపు మెయిన్ ఆపిగానీ తాళం వేయరు. కరెంటు రెండు సగాలకూ వేరు. మరి ఆయన మెయిన్ ఆపితే నా బొమ్మ ఎందుకు పోవాలి? ఇంతకు ముందు పోయినప్పుడల్లా ఆయన షాపులో లేరన్నది అప్పుడు గుర్తుకొచ్చింది. కాకతాళీయం కావచ్చనుకున్నాను. అలా అనుకుంటూనే నడుం పట్టుకుని బల్ల కింద దూరాను.

సీపీయూ నుంచి బయల్దేరిన వైరు నా మానిటర్‌కు రాలేదు. అరచేతంత పెట్టెలోకి పోయింది. దానిలోంచి రెండు వైర్లు. ఒకటి నా మానిటర్‌కు, రెండోది ప్లైవుడ్ కన్నంలోంచి అవతలికి. పెట్టెకు కరెంటు కూడా అవతలి నుంచే. ఆ పెట్టెను నేను గుర్తుపట్టాను. షాపు పెట్టిన కొత్తలో పెళ్ళికార్డుల గిరాకీలు, మేనమామ పేరు పైన రావాలని, పెదనాన్న పేరు కింద పడిందని పోట్లాడేవాళ్ళు. నేను టైపు చేస్తుంటే వాళ్ళూ చూసుకోవడానికి రెండో మానిటర్ పెట్టి, రెంటికీ ఒకే బొమ్మ వెళ్ళేలా ఈ పెట్టె తగిలించాం. ప్లైవుడ్ అడ్డం పెట్టినప్పుడు దాన్ని తీసేశాం. ఆ మానిటర్ చెడిపోయిందని, పాత సామానోడికి వేశానని ఆయన చెప్పారు.

ఇంటికెళ్ళి రెండో తాళంచెవి తెచ్చాను. షట్టర్ ఎత్తి మెయిన్ వేశాను. ఆయన టేబుల్ వెనక స్టూలు మీద తువ్వాలు కప్పి ఏదో ఉంది. తువ్వాలు తీస్తే ఆ పాత మానిటరే. బటన్ నొక్కాను.

నా పేజీ. నేను సగంలో వదిలేసిన వాక్యం. 'ఈ పని ఎవరు చేశారో నాకు తెలియదు.' చివర కర్సర్ కొట్టుకుంటోంది.

నాకు కనపడినంతసేపూ ఆయనకూ కనపడింది. నా తెర నల్లగా ఉన్న ఘడియల్లోనే నన్ను ఎవరూ చూడలేదు. ఆ ఘడియలు పోగొట్టుకోవాలనే నేను ర్యాములు రుద్దాను.

ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. చూడగానే అర్థమైంది ఆయనకు. అబద్ధమాడలేదు. "స్టేషన్ల మనిషొకడు ఒచ్చిండు. నీ భార్య పేరు పైకెల్లి ఒచ్చింది, కేసైతది అన్నడు. ఆడోళ్ళు యాడ దిగుతున్నరో చెప్తే నీ ఇంటి దిక్కు రాము అన్నడు. నిన్ను కాపాడుకున్న కుమారీ, గంతే" అన్నారు. "నేను గీ సంజాయిషీ రాస్తుంటె గూడ చూసిన్రా?" అని అడిగాను. తల దించుకుని, "చూసిన" అన్నారు.

ఆయన నన్ను పోలీసుల నుంచి కాపాడి, నాలుగిళ్ళ మధ్య దోషిని చేశారు. ద్వేషంతో చేసి ఉంటే నాకు సులువయ్యేది. చెబితే ఉద్యమం కుర్రాళ్ళు ఆయన ఆఫీసు మిగలనివ్వరు. చెప్పకపోతే నేను మిగలను. పోనీ, ప్రేమతో చేసిన ద్రోహాన్ని ఏమనాలో నీకైనా తెలుసా? నువ్వు ఏది చెబితే అది చేస్తాను. ఈ ఒక్కసారికి జవాబు రాయి.

కుమారి


చంపాపేట్,
11 ఏప్రిల్ 2011.

సైదమ్మకు,

నీ జవాబు అందింది. ఇన్నాళ్ళకు రాశావని సంతోషంతో, ఇంకా ప్రింటు ఆరని పెళ్ళికార్డుల మధ్య నిలబడే చదివాను. రెండో పేజీలో ఇది ఉంది.

'చక్రపాణి అన్న ముందురోజే ఒచ్చి చెప్పిండు, ఆడోళ్ళను తీసుకొని ఎల్లిపో అని. భయపెట్టనీకి చెప్తున్నడనుకున్న. తర్వాత అర్థమైంది. నీ సంసారం ఏమైతదోనని నోరు మూసుకున్న. నువ్వు గూడ మూసుకో.' ఇవి నీ మాటలే. ఎన్నిసార్లు చదివానో, ఇంకోలా అర్థం వస్తుందేమోనని.

అంటే పాండురంగం సారు నన్ను అడిగినప్పుడు, ఆ గదిలో నిజం తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. నా ఫోన్లు కట్ చేసింది నా మీద అనుమానంతో కాదు. నన్ను దొంగను చేసిన రోజు నువ్వు తల ఎత్తకపోవడం సిగ్గుతో. అది నా తరఫున పడుతున్న సిగ్గనుకున్నాను.

నా సంసారం కోసమన్నావు. సగం నిజం కావచ్చు. నీ మనసు నాకు తెలుసు. మిగతా సగం నేను చెప్పనా? నోరు విప్పితే, ముందే తెలిసీ ఆడవాళ్ళను కదిలించలేదని నిన్నూ అడుగుతారు. ఒకవేళ నేను తొందరపడి అంటున్నానేమో. కానీ నీ ఉత్తరంలో భారతమ్మ పేరు ఎక్కడా లేదు సైదమ్మా. మొదటి నుంచి చివరి దాకా వెతికాను.

చిత్రమేమిటంటే, ఆయన మీద ఏడ్చినదానికంటే నీ మీద ఎక్కువ ఏడ్చాను. ఆయన నా మేలు నాకు చెప్పకుండా చూసే మనిషేనని పెళ్ళినాటి నుంచీ తెలుసు. నిన్ను మాత్రం నేను ఏరుకున్నాను.

నిన్న ఆదివారం సారు ఇంటికి వెళ్ళాను. వెళ్ళేముందు ఆయనకు చెప్పాను, నిజం చెప్పడానికే పోతున్నానని. అడ్డం పడలేదు. "చెప్పుకో. నీ పేరు నీకు దక్కాలె గదా" అని రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని ఎల్‌బీ నగర్‌లో వాళ్ళ అన్న ఇంటికి బయల్దేరారు. వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. ఎప్పుడొస్తారో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. తెర పోవడం నుంచి తువ్వాలు తీయడం దాకా. ఒక కుర్రవాడు లేచి బయటికి పోబోతే సారు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. "సొంత మొగుని మాట ఇంటి గడప దాటించినవు. ఇగ నిన్నడిగేది లేదు బిడ్డా" అన్నారు. నాకు ఊరట కలగాలి కదా. కలగలేదు. వెంటనే ఆయనే అడిగారు, "మనల ఎవ్వలకన్న ముందుగాల తెలుసునా?" అని.

నీ పేరు నా నాలుక మీదికి వచ్చింది. చెబితే నా బరువు సగం దిగేది. "ఆ మాట నేను చెప్పేది కాదు సార్" అన్నాను. అది నిన్ను కాపాడటానికి అన్నానని అనుకోకు. ఇంకొకరి మంచి కోసం నిజం దాచిపెట్టడం ఎంత చేటు చేస్తుందో చూశాక, ఆ పని నేనూ చేయను. నీ మాట నువ్వే చెప్పుకోవాలి, అంతే. నన్ను సూటిగా అడిగిన రోజు నేను అబద్ధమాడను.

వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నారు. భారతమ్మ కూడా వస్తోంది. ఆమె ఎదురుగా కూర్చుని చెప్పు. నేను ఉంటాను. ఆమె పక్కన కూర్చుంటానో, నీ పక్కన కూర్చుంటానో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

కృష్ణకుమారి